అర్థం అడిగి రమ్మన్న ప్రెస్సు తాత

"ప్రెస్సు తాత పోయిండు బిడ్డా. తెల్లారి లేపితే లేవలే" అని అమ్మ ఫోన్ చేసింది. అప్పుడు నేను వనపర్తిలో, కలెక్టరాఫీసు ఎదుటి షాపులో ఒక ముసలాయన దరఖాస్తు టైపు చేస్తున్నాను. ఫోన్ పక్కన పెట్టి మిగిలిన రెండు గళ్లు నింపాను. కాగితం తీసి, ఏం రాశానో ఆయనకు మొదటి నుంచి చదివి వినిపించి, ప్రతి మాటా అర్థమైందని ఆయన అన్నాకే సంతకం పెట్టించుకున్నాను. ఆ తర్వాత లేచి బస్టాండుకు నడిచాను. చదివి వినిపించకుండా లేచి ఉంటే తాత ఒప్పుకునేవాడు కాదు. ఎందుకు ఒప్పుకునేవాడు కాదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. గద్వాలలో మా వీధి అంతా మగ్గాల వీధి. పొద్దున లేస్తే ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే. నాన్న నేసేవాడు, అమ్మ కండెలు చుట్టేది. ఆ వీధిలో మగ్గం లేని ఇల్లు ఒక్కటే, అది మా పక్కిల్లు. అందులో తాత, అవ్వ ఇద్దరే ఉండేవాళ్లు. తాత ఒక అచ్చు ప్రెస్సులో కంపోజిటర్. అంటే సీసంతో పోసిన అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, పేర్చి, మాటలు కట్టే మనిషి. మా ప్రాంతంలో ఎన్ని పెళ్లిపత్రికలు ఆయన చేతిమీదుగా వెళ్లాయో ఆయనకే తెలియదు. మా అమ్మానాన్నల పత్రిక కూడా ఆయన పేర్చిందే.

కంప్యూటర్లు వచ్చాక ప్రెస్సు మూతపడింది. యంత్రాన్ని పాత ఇనుము వాళ్లు ఎత్తుకుపోయారు. అక్షరాలు కూడా కరగబెట్టడానికే పోయాయి గాని, ఒక రేకుడబ్బా నిండా తాత తెచ్చుకున్నాడు. ప్రెస్సులో ఉన్నప్పుడు అవి గళ్లగళ్ల పెట్టెలో ఏ అక్షరం గదిలో ఆ అక్షరం ఉండేవి. డబ్బాలోకి వచ్చేసరికి అన్నీ కలగలిసి కుప్పయ్యాయి. సాయంత్రం అరుగు మీద చాప పరిచి ఆ కుప్ప గుమ్మరించేవాడు. వీధి పిల్లలం చుట్టూ చేరి అక్షరాలు ఏరుకుని మాటలు పేర్చేవాళ్లం. అవి సీసం ముక్కలు కాబట్టి ఆట అయ్యాక బక్కెట్ నీళ్లు, సబ్బుబిళ్ల పెట్టి చేతులు కడిగించి, అరచేతులు తిప్పి తిప్పి చూసి మరీ ఇళ్లకు పంపేవాడు. ఆ పట్టింపుకు మాకు నవ్వొచ్చేది.

నేను బడిలో చేరకముందే ఆ చాప మీద అక్షరాలు నేర్చుకున్నాను. అమ్మ గొప్పగా చెప్పుకునేది. "మా బిడ్డకు బడికి పోకముందే అన్నీ వస్తయి" అని వీధంతా చాటింది. ఆ గొప్ప బడిలో మొదటిరోజే నీరుగారింది.

సారు పలక ఇచ్చి, ఏమొచ్చో రాయమన్నాడు. నేను అమ్మ, ఆవు, ఇల్లు అని చకచకా రాసి చూపించాను. సారు పలకను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మళ్లీ రాయమన్నాడు. మళ్లీ అట్లాగే రాశాను. ఆయన అమ్మను పక్కకు పిలిచి, "ఈ పిల్లకు తలకాయల ఏదో తేడా ఉన్నదమ్మా. కర్నూలు తీస్కపోయి పెద్ద దవాఖానల చూపియ్యి" అన్నాడు. అమ్మ ఆ పలకను కొంగు కింద దాచుకుని వీధి పొడుగునా ఏడ్చుకుంటూ నన్ను ఇంటికి లాక్కొచ్చింది.

అరుగు మీద కూర్చున్న తాత, ఏమైందని పలక తీసుకుని చూశాడు. "మంచిగనే రాసింది గద, ఎందుకేడుస్తున్నవ్?" అన్నాడు. నిజంగానే ఆయన కంటికి అందులో తప్పేమీ కనిపించలేదు. అమ్మ మొహం చూసి, మళ్లీ పలక చూసి, అప్పుడు తల పట్టుకున్నాడు. అచ్చు అక్షరం తిరగబడి ఉంటుంది. కాగితం మీద ఒత్తితేనే సరిగ్గా పడుతుంది. ముప్పై ఏళ్లు ఆ తిరగబడ్డ మొహాలనే చూసిన మనిషికి అవే సరైన అక్షరాలయ్యాయి. ఆ చాప మీద నేర్చుకున్న నేను మాటలన్నీ కుడి నుంచి ఎడమకు, అక్షరాలు కూడా తిప్పి రాస్తున్నాను. మిగతా పిల్లలు అప్పటికే బడికి పోతున్నవాళ్లు కాబట్టి వాళ్లకేమీ కాలేదు. దొరికింది నేనొక్కదాన్నే.

"నేనే బిడ్డను ఆగం జేసిన" అని తాత ఆ పూట అన్నం తినలేదట. తెల్లారి మంగలి షాపులో గోడ అద్దం అడిగి, చంకలో పెట్టుకుని మాతో బడికి వచ్చాడు. సారు ముందు అద్దం నిలబెట్టి, నా పలక దాని ఎదుట పట్టాడు. అద్దంలో అమ్మ, ఆవు, ఇల్లు మూడూ ముద్దుగా, సరిగ్గా కనిపించాయి.

"తప్పు పిల్లది కాదు సార్, నాది. ముప్పై ఏండ్ల సంది నాకు అక్షరాలు గిట్లనే కనపడుతయి. పిల్ల తలకాయకు ఏం కాలే. జర మీరు ఓపిక పట్టుండ్రి, నేనే సక్కగ చేస్త."

సారు అద్దంలోకి, పలకలోకి మార్చి మార్చి చూసి పెద్దగా నవ్వాడు. నా తలమీద చెయ్యి పెట్టి లోపలికి తీసుకున్నాడు. నా చదువు అట్లా మొదలైంది. అంత వయసు మనిషి, బడి ముందు నలుగురు చూస్తుండగా అద్దం పట్టుకుని నిలబడి తప్పు నాదే అనడం ఎంత పెద్ద సంగతో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు రోజూ ఆఫీసుల గుమ్మాల్లో తిరుగుతుంటే తెలుస్తోంది. అట్లా అనే నోరు నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత ఆయన ఊరుకోలేదు. చీరలు పెట్టే అట్టపెట్టెలు నాన్న దగ్గర అడిగి తీసుకుని, బొటనవేలంత ముక్కలు కత్తిరించాడు. ప్రతి సీసం అక్షరానికీ సిరా పూసి ఒక్కో ముక్క మీద ఒత్తాడు. రెండు నెలలు అదే పని. "ఇగ సక్కటి అక్షరాలతోనే ఆట" అన్నాడు. అప్పటి నుంచి చాప మీద అట్టముక్కలే గుమ్మరించేవాడు. ఒక్కొక్కరం కళ్లు మూసుకుని తొమ్మిది ముక్కలు తీయాలి. వాటితో ఎన్ని మాటలు కడితే అన్ని.

అయితే ఆటలో ఒక మెలిక ఉంది. మాట కట్టగానే మనదైపోదు. దాని అర్థం చెప్పాలి. తెలియకపోతే పుస్తకం చూసి చెప్తే ఒప్పుకోడు. ఆ మాటతో పని ఉన్న మనిషి దగ్గరికి పోయి అడిగి రావాలి. "వాడుకునేటోన్ని అడుగు" అనేవాడు. అర్థం వచ్చాక ఒక నోటుబుక్కులో మాట, అర్థం, ఎవరు చెప్పారో రాయించేవాడు. అడగడానికి సిగ్గుపడిన పిల్లల మాటలు వట్టి అట్టముక్కలుగానే డబ్బాలోకి తిరిగిపోయేవి.

ఒకసారి నా ముక్కల్లో త, రి పక్కపక్కన పడ్డాయి. "తరి" అని కట్టాను గాని అదేంటో తెలియదు. ఊరికే కట్టావని పిల్లలు ఎగతాళి చేశారు. తాత నవ్వుతూ, "ఉన్నది ఆ మాట. ఎవరన్న రైతును అడుగుపో" అన్నాడు. ఆరోజు మా ఇంటికి పాన్‌గల్ నుంచి ఒక రైతు కూతురి పెళ్లికి చీర చెప్పుకోవడానికి వచ్చి ఉన్నాడు. పోయి అడిగాను. ఆయన నన్ను చూసి, "నీళ్లు పారే భూమి బిడ్డా. వరి పండే భూమి. వానకు మొగులు దిక్కు చూసేది ఖుష్కి. నాది ఖుష్కి" అన్నాడు. నేను పరుగెత్తుకొచ్చి చెప్పాను. తాత నోటుబుక్కులో రాయించాడు: తరి, నీళ్లు పారే భూమి, పాన్‌గల్ రైతు చెప్పాడు. అంతటితో ఆపబోతే, "ఆయనకు లేదు అని కూడ రాయి" అన్నాడు. అది అర్థంలో భాగం ఎట్లా అవుతుందో నాకు ఆ వయసులో అందలేదు.

ఇంకోసారి కొత్తకోట దాకా ఒక పెళ్లికి పోతే, రోడ్డుపక్క లారీ కింద పడుకుని పనిచేస్తున్న మెకానిక్ దగ్గర తాత ఆగిపోయాడు. ముందురోజు నేను కట్టిన "ఇరుసు" మాటకు అర్థం కావాలి. ఆ మెకానిక్ మసిచేతులతో బయటికి వచ్చి, చక్రాల మధ్య ఉన్న దాన్ని తట్టి చూపించి, "గిదే. లారీ మొత్తం దీనిమీదనే నిలవడతది పెద్దయ్యా. గని దీన్ని ఎవ్వరు చూడరు" అన్నాడు. ఆ మాటకు తాత ఎంత సంబరపడ్డాడంటే, అక్కడే ఇద్దరికీ చాయ్ చెప్పించి కూర్చున్నాడు. ఈలోగా పెళ్లిలో తలంబ్రాలు అయిపోయాయి. అవ్వ దారి పొడుగునా తిట్టింది.

నాకు పద్నాలుగో పదిహేనో వచ్చాక పొగరు తలకెక్కింది. ఊరంతా తిరిగి అడగడం నామోషీ అనిపించింది. ఒక సాయంత్రం అడిగేశాను. "తాతా, మాట పేర్చుడే ఆట గద. అర్థం ఎందుకు? నువ్వు ముప్పై ఏండ్లు అర్థం చూసుకుంటనే పేర్చినవా?" అన్నాను. ఆయన చేతిలో ముక్కలు కింద పెట్టాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. తనంతట తానే చెప్పాడు. అంతకుముందు ఆ సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదు.

వాళ్లది కృష్ణ ఒడ్డున ఒక ఊరు. నాలుగో తరగతితో చదువు ఆగిపోయి, ఇరవై ఏళ్లు నిండకుండానే గద్వాలకు వచ్చి ప్రెస్సులో చేరాడు. కంపోజిటర్ చూపు మాట మీద ఉండదు, అక్షరం మీద ఉంటుంది. తర్వాతి అక్షరం ఏ గదిలో ఉందో చేతికి తెలిస్తే చాలు. ఒకరోజు ఏదో ఆఫీసు నుంచి ఒక నోటీసు వచ్చింది, పల్లెల్లో పంచడానికి. ఆ సాయంత్రమే కావాలన్నారు. కిందివి జలమగ్నము కానున్న గ్రామములు, వీటిలోని వారు తమ ఆక్షేపణలను, వినతులను పదిహేను దినములలోగా దాఖలు చేయవలెను. దాని కింద ఊళ్ల పేర్లు.

"నా ఊరి పేరు నా చేతులతోనే పేర్చిన బిడ్డా" అన్నాడు తాత. "ఒక్కొక్క అక్షరం ఏరి పెట్టిన. ఒత్తు సక్కగ పడ్డదా లేదా అని కూడ చూసిన. జలమగ్నం అంటే తెల్వది. ఆక్షేపణ అంటే తెల్వది. పక్కనున్న పెద్ద కంపోజిటర్‌ను అడిగితే నవ్వుతడని అడగలే. పని అయిపోయింది, పోయి చాయ్ తాగిన."

పంచాల్సిన కాగితాలు వాళ్ల ఊరిదాకా చేరనే లేదు. పదిహేను రోజులు గడిచిపోయాయి, తర్వాత ఆనకట్ట వెనక నీళ్లు ఊరి మీదికి వచ్చాయి. తెలిసి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు గట్టు మీద కొత్త ఊరిలో ఇంటి జాగా దొరికింది. వాళ్ల నాన్నకు దొరకలేదు. ఆయన మూట కట్టుకుని కొడుకు దగ్గరికి, గద్వాలలోని ఈ అద్దె ఇంటికే వచ్చాడు. వచ్చిన రోజు ఒక్కటే అడిగాడట. "నువ్వు ప్రెస్సులనే ఉంటివి గదరా. నీకు తెల్వకపాయెనా?" ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ సంగతి ఎత్తలేదట. ఎత్తి తిట్టినా బాగుండేదని తాత అన్నాడు.

"జలమగ్నం అంటే ఏందో నాకెవ్వరు చెప్పలే బిడ్డా. నీళ్లొచ్చి చెప్పినయి" అన్నాడు చివరికి. "మీకు గట్ల కావద్దు. గంతే."

నేను ఆ రోజు నుంచి అర్థం అడగడానికి సిగ్గుపడలేదు. పెద్ద చదువులు చదవలేకపోయాను, దానికి నాకు బాధ లేదని అబద్ధం చెప్పను. కాని నా చేతిమీదుగా పోయే ప్రతి కాగితం దాని మనిషికి అర్థమయ్యాకే పోతుంది. కౌలు అంటే తెలిసినవాడికి, భూమి సాగులో ఉన్నవాడిని కాగితాల్లో "అనుభవదారు" అంటారని తెలియాలని లేదు కదా. నిదానంగా చెప్తాను. మన్ననూర్ నుంచి అడివి దాటి వచ్చిన మనిషైతే రెండుసార్లు చెప్తాను. "ఇది టైపింగ్ షాపా, బడా" అని మా ఓనరు సణుగుతూనే ఉంటాడు. సణగనీ.

నేను వనపర్తి వచ్చేశాక కూడా తాత ఆట ఆగలేదు. పిల్లలు మారుతూ వచ్చారు. మూడేళ్ల కింద ఆయన చూపు పోయింది. కంటి నరం ఎండిపోయిందని, ఇక రాదని డాక్టర్లు చెప్పారు. నేను భయపడుతూ చూడటానికి పోయాను. అట్టముక్కలు పనికిరాకపోయేసరికి ఆయన రేకుడబ్బా మళ్లీ బయటికి తీయించాడు. సీసం అక్షరం మొహం మీద బొటనవేలు ఒకసారి రుద్ది, "మ. దీనికి కొమ్ము తగిలియ్యి" అంటున్నాడు. పిల్లలు మోసం చేసి ఒకే అక్షరం మూడుసార్లు చేతికిచ్చినా పట్టేశాడు. "అడ్డమున్న కండ్లు పోయినయి బిడ్డా, ఇప్పుడు సాఫ్‌గ కనపడుతున్నది" అని నవ్వాడు. అంత జరిగాక కూడా ఆ నవ్వు ఎక్కడిదో నాకు అర్థం కాలేదు. నేనైతే ఏడుస్తూ మూల కూర్చునేదాన్ని.

అమ్మ ఫోన్ వచ్చిన రోజుకు వస్తాను. బీచుపల్లి వంతెన మీద బస్సు పోతున్నప్పుడు కృష్ణ నిండుగా ఉంది. నేను కిటికీ వైపు చూడలేదు. ఇంటికి చేరేసరికి వీధిలో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. ఒక నేతగాని కోసం ఆగడం చూశాను గాని, మగ్గం పట్టని మనిషి కోసం ఆగడం అదే మొదటిసారి. అంత్యక్రియలు అయ్యాయి. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. అన్ని పనులూ చకచకా చేశాను.

నాలుగోనాడు అవ్వ నన్ను పిలిచి, "ఆయన దినాల కార్డు నువ్వే రాయి బిడ్డా. తప్పుల్లేకుంట రాయి, తప్పుంటే ఆయనకు నచ్చదు" అంది. అరుగు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. ఇట్లాంటి కార్డులు షాపులో వందలు టైపు చేశాను. చెయ్యి దానంతటదే పోతుంది. పక్కన ఎదురింటి పాప కూర్చుని ఉంది. ఏడేళ్లుంటాయి, తాత ఆట నేర్పిన చివరి పిల్లల్లో ఒకతి. నేను రాస్తుంటే ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువుతోంది.

"ది... వం... గ... తు... లై... దివంగతులైనారు. అంటే ఏందక్కా?"

"పెద్దోళ్లు రాసే మాటలే. నీకెందుకు" అన్నాను. అన్నాక నాకే సిగ్గేసింది. ఆ పిల్ల నా వైపు కొంచెం జాలిగా చూసింది. నాకు తెలియదని అనుకున్నట్టుంది. లేచి లోపలికి పోయింది. ఆ మాటతో పని ఉన్న మనిషి దగ్గరికే పోయిందని నాకు అర్థమై, ఆపుదామని వెనకే లేచాను. అప్పటికే అడిగేసింది.

"అవ్వా, దివంగతులైనారు అంటే ఏంది?"

అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కోప్పడుతుందేమో అనుకున్నాను. పాపను దగ్గరికి తీసుకుంది.

"ఆయనకు కండ్లు పోయినకాడి నుంచి, నేను ఇంట్ల ఏ మూలకు పోయినా 'ఈడున్న' అని చెప్తుంటి బిడ్డా. వంటకాడికి పోతే ఈడున్న. నీళ్లకాడికి పోతే ఈడున్న. ఆయన 'ఊ' అంటుండె. మూడేండ్లు. ఇప్పుడు గూడ నా నోరు చెప్తనే ఉన్నది. ఆయన ఊ అంటలేడు. గదే బిడ్డా, గా మాటకు అర్థం."

గుమ్మం పట్టుకుని నిలబడ్డ నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. వందల కార్డుల్లో కొట్టిన మాట. పాప ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు అవ్వ మొహంలోకే చూస్తోంది. అవ్వ కళ్లు తుడుచుకుని, "ఏమన్న తిన్నవా? ఉండు, అటుకులు తెస్త" అని మోకాళ్ల మీద చెయ్యి ఆనించి లేచింది. గోడ పట్టుకుని వంటింట్లోకి పోయింది.

లోపల్నుంచి డబ్బా మూత తీసిన చప్పుడు. ఆ వెంటనే, ఎవరితోనూ కాకుండా, అలవాటుగా, "ఈడున్న" అన్న అవ్వ గొంతు.

పాప వంటింటి వైపు తిరిగి, మెల్లగా, "ఊ" అంది.